రథసప్తమి దాటిన చలి

భోగాపురం, కొత్త కాలనీ
కార్తీక పౌర్ణమి మర్నాడు

వదినా,

ఈ కాలంలో ఉత్తరాలేమిటని నవ్వుకుంటావేమో, నవ్వుకో. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. మోగితే ఆయనే ఎత్తుతాడు. నా గొంతు ఆ మనిషి చెవిన పడటం నాకు ఇష్టం లేదు. అందుకని గున్నమ్మను పట్టుకున్నాను. ఎండు చేపల గంప ఎత్తుకుని వారం వారం మీ రామతీర్థం వస్తుంది కదా, దాని చేతికే ఇస్తున్నాను. ఆయన ఎదురుగా మాత్రం ఇవ్వొద్దని మరీ మరీ చెప్పాను.

"మీ ఆయన" అంటున్నానని నొచ్చుకోకు. తోడబుట్టినవాణ్ణి అన్నా అని పిలవడం రాక కాదు, పిలవబుద్ధి కాక. మా గృహప్రవేశం నాడు ఆయన అన్న మాట నువ్వూ విన్నావు. విమానాశ్రయానికి మా భూమి పోయింది, బాన గుమ్మడి వేసుకోడానికి మీ పొలంలో ఓ మూల చోటివ్వన్నా అని నోరు తెరిచి అడిగాను. "భూమే ఎలిపోయినాది, ఇంకా గింజేటి? అదీ దాంతోనే పోయిందనుకో" అన్నాడు. భోజనాల దగ్గర అందరూ పకపకా నవ్వారు. వడ్డిస్తున్న గిన్నె అక్కడే పెట్టేసి నేను లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

ఈ పొట్లంలో ఐదు గింజలున్నాయి. మా అత్త కాపురానికి వచ్చినప్పుడు కొంగున కట్టుకొచ్చిన విత్తనం. ఆ కాయ నువ్వు చూశావు. నీళ్ళు కాచుకునే బానంత ఉంటుంది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. ఏటేటా వేసి, కాయ కోసి, మళ్ళీ గింజ దాచుకునేవాళ్ళం. బయటివాళ్ళకి ఒక్క గింజ ఇవ్వనిచ్చేది కాదు మా అత్త. ఇప్పుడు రెండేళ్ళుగా వేయడానికి నేల లేదు. మొన్న డబ్బా మూత తీసి చూస్తే అంతా పురుగు పట్టి పిండైపోయింది. ఏరగా ఏరగా ఈ ఐదూ గట్టిగా కనిపించాయి. గుమ్మడి గింజ ముసలిదైతే మొలవదని నీకు నేను చెప్పాలా? ఈ ఏడు ఇవి మొలిచి, కాసి, కాయ బాగా ముదిరితేనే విత్తనం దక్కుతుంది. లేదంటే బాన గుమ్మడి అనేదే ఇంక ఉండదు.

మీ పశువులసాల వెనక పెరట్లో వెయ్యి. పాదుకీ పాదుకీ బాగా ఎడం ఉంచు. చివికిన పెంట వెయ్యి. ఒకటే షరతు. ఆయన చెయ్యి దాని మీద పడకూడదు. ఆయన పోసిన నీళ్ళతో పెరిగిన కాయ నాకొద్దు.

నీ రాజకుమారి


రామతీర్థం
మార్గశిరం

మా ఆడపడుచు గారికి వదిన దండాలు.

నీ ఉత్తరం విప్పగానే ఇల్లంతా ఎండు నెత్తళ్ళ వాసన. పిల్లి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. ఏమిటా వాసనని మీ అన్న వాకిట్లోంచి కేకేస్తే, కూరకి తీసుకున్నానని బొంకాను. బొంకినందుకు పొరుగింట అప్పు తెచ్చి మరీ ఆ కూర వండాల్సి వచ్చింది. నువ్వు అలిగావు కాబట్టి "మీ ఆయన" అను, నీ ఇష్టం. నాకు మాత్రం ఆయన మీ అన్నే, అలాగే రాస్తాను.

గింజలు పేడనీళ్ళలో నానబెట్టి మంచి రోజు చూసి పెట్టాను. నాలుగు మొలిచాయి. ఐదోదాన్ని తవ్వి చూస్తే మెత్తబడిపోయి ఉంది. మొలిచిన నాలుగూ మాత్రం దిట్టంగా ఉన్నాయి, ఒక్కో ఆకు నా అరచేయంత. నాకూ ఆశ పుట్టింది రాజకుమారీ. పొద్దున్నే చెంబు పట్టుకుని ముందు వాటి దగ్గరికే పోతున్నాను. ఇంట్లో కాఫీ ఆలస్యమవుతోందని గోల.

నువ్వు పెట్టిన షరతు గుర్తుంది. మీ అన్న వంగతోట మీ అన్నకి చాలు, పెరటి వైపు తొంగి కూడా చూడటం లేదు. నువ్వు నిశ్చింతగా ఉండు. నీ మేనకోడలు దీపిక ఆదివారం కాలేజీ హాస్టల్ నుంచి వస్తే నీ కోసం అరిసెలు చేసి పంపుతాను. గున్నమ్మ గంపలో పెడితే అవీ చేపల్లాగే ఉంటాయేమో మరి.

నీలవేణి


భోగాపురం, కొత్త కాలనీ
మార్గశిరం ఆఖరు

వదినా,

అరిసెలు అందాయి. వాసన సంగతి అడగకు, తిన్నాం.

నాలుగు మొలిచాయని చదివి మా ఇంటాయనకి వినిపించాను. ఆయన ఆటో తుడుస్తున్నవాడల్లా ఆగి, "అమ్మయ్య, అమ్మ గింజ నిలబడ్డాది" అన్నాడు. ఆ మనిషి దేనికీ ఓ పట్టాన మాట్లాడడు. భూమి పోయిన రోజున కూడా నోరు విప్పలేదు.

ఇక్కడ వాకిలంతా సిమెంటు. ఎదురింటావిడ బకెట్లో తులసి పెట్టింది. నేనూ ఓ డబ్బాలో గోంగూర చల్లాను. వేలెడెత్తు లేచి తలలు వాల్చేసింది. చేతులకి మట్టి అంటకపోతే రోజు గడిచినట్టే ఉండదు వదినా. నాలుగిళ్ళ అవతల ఉన్నవాళ్ళు కూడా మాలాగే భూమి పోయినవాళ్ళే. సాయంత్రమైతే అందరం గుమ్మాల్లో కూర్చుని, ఎవరి పొలంలో ఏం పండేదో చెప్పుకుంటాం. అవతలి వాళ్ళు చెప్పేది ఎవరూ వినరు, ఎవరి పాట వాళ్ళదే.

మీ కొండ కింద చలి ఎక్కువని గున్నమ్మ చెప్పింది. పొద్దున్నే చేపలు బేరమాడటానికి కూడా ఎవరూ దుప్పట్లోంచి లేవడం లేదట. మాకు సముద్రం గాలి, ఎంత చలైనా పలచటి దుప్పటితో సరి. గుమ్మడి చలికి ఎలా ఉంటుందో నాకు అనుభవం లేదు. మా ఇసక నేల రాత్రి కూడా వెచ్చగానే ఉండేది. పాదులెలా ఉన్నాయో ఉన్నదున్నట్టు రాయి. నన్ను బుజ్జగించకు.

రాజకుమారి


రామతీర్థం
పుష్యం

రాజకుమారీ,

ఉన్నదున్నట్టు రాయమన్నావు. ఎలా రాయాలో తెలియక రెండు వారాలు గున్నమ్మని వట్టి చేతులతో పంపాను.

మూడు పాదులు పోయాయి. ఒక్కటే మిగిలింది.

తప్పు నాదే. మంచు పడుతోందని ప్లాస్టిక్ పట్టా తెచ్చి నాలుగింటి మీదా కప్పేశాను. రాత్రి తడి లోపలే ఉండిపోయి, ఆకులు పట్టాకి అంటుకుపోయాయి. పొద్దున తీసేసరికి ఉడకబెట్టినట్టు వేలాడిపోయాయి. రెండు రోజుల్లో మొదళ్ళు కుళ్ళాయి. ఓ చివరనున్న పాదుకి పట్టా చాలక సగం బయట ఉండిపోయింది. అదే బతికింది. పెరట్లో కూర్చుని ఏడ్చాను. నీకు మొహం ఎలా చూపించనని ఏడ్చాను.

ఇప్పుడు దాన్ని కంటికి రెప్పలా చూస్తున్నాం. సాయంత్రం ఎండ ఉండగానే మొదట్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి చుట్టూ వరిగడ్డి వేస్తున్నాను. తీగ కొసల మీద వెదురు బుట్టలు బోర్లిస్తున్నాను. బుట్టలకి బయట పేడ దట్టంగా అలికితే గాలి చొరబడదు, లోపల వెచ్చగా ఉంటుంది, చెమ్మ కూడా పట్టదు. గాలి వచ్చే వైపు ఊక రాజేసి పొగ పెడుతున్నాం. ఎండ రాగానే అన్నీ తీసేయాలి, లేకపోతే తేనెటీగలు రావు. తీగ మళ్ళీ సాగుతోంది. ఓ ఆడమొగ్గ కూడా కనిపించింది.

తిట్టాలనుంటే తిట్టు. పడతాను.

నీలవేణి


భోగాపురం, కొత్త కాలనీ
పుష్యం

వదినా,

తిడదామనే కూర్చున్నాను. నువ్వు ఏడ్చానని రాసిన చోట ఆగిపోయాను. పోనీలే. ఒక్కటైనా ఉంది కదా. కానీ ఒక్క పాదు, దాని మీద ఒక్క మొగ్గ. అదీ పోతే ఏమీ లేదు.

ఆ మొగ్గ విచ్చిన రోజు పొద్దున్నే మగపువ్వు తుంచి, రెక్కలు తీసేసి, పుప్పొడి నువ్వే దాని మీద రాయి. తేనెటీగని నమ్ముకోవద్దు. ఇది మా అత్త చెప్పిన పద్ధతి.

ఇంకో మాట అడుగుతాను, నిజం చెప్పు. ఈ బుట్టలకి పేడ అలకడం నీకెవరు చెప్పారు? మీ పుట్టింటివాళ్ళది చెరువు కింద వరి, మీకు నారు బుట్టలతో పనే లేదు. అది మా అయ్య పద్ధతి. వంగనారు మీద బోర్లించడానికి శీతాకాలమంతా బుట్టలు అలికేవాళ్ళం. నేనూ మీ ఆయనా పోటీలు పడి అలికేవాళ్ళం. నేను పలచగా అలికితే ఆయన నా నెత్తిన మొట్టేవాడు. "చూస్తున్నాం", "పెడుతున్నాం" అని రాశావు. ఆ "మేం" ఎవరు?

రాజకుమారి


రామతీర్థం
పుష్య బహుళం

అబ్బ, ఏం ఆరా తల్లీ నీది. పోలీసు ఉద్యోగానికి పోవాల్సింది నువ్వు.

బుట్టల సంగతి దీపిక ఫోన్లో చూపించింది. ఈ రోజుల్లో అందులో లేనిదేముంది. "చూస్తున్నాం" అంటే నేనూ దీపికా. అది వారానికి ఒక్క రోజే ఇంట్లో ఉంటుందనుకో, అయినా ఇద్దరమే కదా.

అసలు సంగతి విను. పువ్వు విచ్చింది. నువ్వు చెప్పినట్టే పుప్పొడి రాశాను. పిందె నిలిచింది. ఇప్పుడు పెద్ద కొబ్బరికాయంత అయింది. పక్కింటి ఝాన్సీ చూడటానికి వచ్చి "ఇదేనేటి, ఇంతోటి కాయ" అని వేలు చాపి చూపించబోయింది. గుమ్మడి పిందెకి వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. చటుక్కున దాని వేలు పట్టుకుని మడిచేశాను. నా పట్టుకి దాని వేలు వాచింది. అప్పటి నుంచి పిడికిలి బిగించుకునే వస్తోంది మా పెరట్లోకి.

పిందె కింద గడ్డి పరిచి, సాయంత్రం పెద్ద బుట్ట బోర్లించి పైన దుప్పట్లు కప్పుతున్నాను. నువ్వు అన్నం తిని నిద్రపో.

నీలవేణి


అరసవల్లి
రథసప్తమి మర్నాడు

వదినా,

ఈసారి నా ఉత్తరం అరసవల్లి నుంచి. రథసప్తమికి సూర్యనారాయణమూర్తి దర్శనానికి వచ్చాం. ముందు రోజు సాయంత్రం నుంచీ క్యూలో నిలబడ్డాం. కాళ్ళు వాచాయి. అయినా దర్శనం బాగా జరిగింది. నేను అడిగింది ఒకటే, మా వదిన పెరటి మీద కాసింత ఎండ ఎక్కువ కాయి స్వామీ అని.

లాడ్జిలో దిగిన వాళ్ళల్లో మీ గుర్ల వైపు మనిషి కనిపించాడు. రేపు వెళ్ళేటప్పుడు రామతీర్థం మీదుగా వెళ్తాడట, అతని చేతికే ఇస్తున్నాను. తొందర పని ఉంది కాబట్టి.

రథసప్తమి వెళ్ళిపోయింది. సూర్యుడు రథం తిప్పాడు. ఇంక చలి లేదు. ఆ బుట్టలూ గడ్డీ దుప్పట్లూ అన్నీ తీసి పారెయ్యి. కాయ మీద ఎండ పడాలి, తీగ హాయిగా పాకాలి. అనవసరంగా కప్పి ఉంచితే బూడిద తెగులు పడుతుంది. మా అత్త కూడా రథసప్తమి వెళ్ళాక పందిట్లో నీడ ఉంచేది కాదు. ఇది చదివిన రోజే తీసెయ్యి. ఈ ఒక్క మాటా విను.

నా మనసు ఇన్నాళ్ళకి తేలికపడింది.

రాజకుమారి


రామతీర్థం
మాఘం

రాజకుమారీ,

ముందే చెప్తున్నాను, కాయ బాగుంది. ఆ మాట పట్టుకుని మిగతాది చదువు.

నువ్వు చెప్పినట్టే ఆ రోజే అన్నీ తీసేశాను. బుట్టలు అటక మీద పెట్టేశాను. దుప్పట్లు ఉతికి ఆరేసి మడతపెట్టాను. ఆ మర్నాడు చీపురుపల్లిలో మా చెల్లెలి కూతురి సీమంతమని వెళ్ళాను. ఆ రాత్రే చలి దిగింది. మామూలు చలి కాదు. ఈ శీతాకాలంలో అంత చలి ఎప్పుడూ లేదు. మా చెల్లెలి ఇంట్లో పెద్దవాళ్ళు కూడా రథసప్తమి తర్వాత ఇదేం విడ్డూరమని నోళ్ళు నొక్కుకున్నారు. అప్పుడే బయల్దేరదామంటే బస్సుల్లేవు. తెల్లారగానే మొదటి బస్సెక్కి వచ్చి పడ్డాను.

వీధి మలుపులో ఝాన్సీ వాళ్ళ దోసపాదు కనిపించింది. ఆకులన్నీ మాడి వేలాడుతున్నాయి. నువ్వు నమ్మి నా చేతుల్లో పెట్టిన గింజల్ని రెండుసార్లూ నేనే పోగొట్టానని నన్ను నేను తిట్టుకుంటూ పెరట్లోకి వెళ్ళాను.

పాదు కనపడలేదు. బుట్టలు కనిపించాయి. అటక మీద నేను పెట్టినవన్నీ దించి తీగ వెంబడి బోర్లించి ఉన్నాయి. వాటి మీద గడ్డి. కాయ మీద మీ అన్న కప్పుకునే ఎర్ర రగ్గు. దాని మీద మా పెళ్ళి నాటి బొంత. ఆ పక్కన ఊక కుంపటి ముందు, తలకి తువ్వాలు చుట్టుకుని, ఒంటి మీద పంచె ఒక్కటి కప్పుకుని మీ అన్న కూర్చుని ఉన్నాడు. దగ్గుతున్నాడు. నన్ను చూసి, "సప్పుడు సెయ్యకు, ఇప్పుడే ఎచ్చబడ్డాది" అన్నాడు. అదేదో పసిపిల్ల పడుకున్నట్టు.

ఇంక నీ దగ్గర దాచలేను. దీపిక ఫోనూ లేదు, గీనూ లేదు. మూడు పాదులు పోయిన రోజు నేను పెరట్లో ఏడుస్తుంటే వచ్చి చూసింది మీ అన్నే. వెంటనే వంగమడి దగ్గరికి వెళ్ళి బుట్టలు తెచ్చి, కూర్చుని పేడ అలికాడు. ఆ రోజు నుంచీ కప్పడం, తీయడం, పొగ పెట్టడం అన్నీ ఆయనే. నీకు రాస్తానంటే, "దానికి సెప్పకు. నాను ముట్టుకున్నానంటే పీకి పారీమంటాది" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు కప్పులన్నీ తీసేయమన్నావని చెప్పినప్పుడు మాత్రం గొణిగాడు. సముద్రం ఒడ్డున ఉండేదానికి కొండ చలి ఏం తెలుసని. అయినా నీ మాట కదా అని నన్ను ఆపలేదు. చలి దిగగానే మాత్రం ఊరుకోలేకపోయాడు.

ఎందుకింత పట్టుదల అని అడిగాను. ముందు ఊక కెలికి పొగ సర్దాడు. "నవ్వులాటకి అన్నాను నీలవేణీ. అది గిన్నె పెట్టీసి ఎలిపోయినాది. ఆ మొకం నాకు మరుపుకి రాదు" అన్నాడు.

మూడు రోజులు ఉంది ఆ చలి. మూడు రోజులూ ఆయన పెరట్లోనే. ఇప్పుడు ఒళ్ళు వెచ్చబడి పడుకున్నాడు. కంగారు పడకు, డాక్టరు మందులిచ్చాడు.

పీకెయ్యమంటావా?

నీలవేణి


భోగాపురం, కొత్త కాలనీ
మాఘం

వదినా,

మూడుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. నా షరతు గాలికి వదిలేసి ఇన్ని వారాలు నన్ను వెర్రిదాన్ని చేశారు కదా అని. బుట్టల దగ్గరే నాకు అనుమానం వచ్చింది, అయినా నీ దీపిక ఫోను కబురు నమ్మాను. నమ్మాలనిపించి నమ్మాను. రెండోసారి చదివాక తెలిసొచ్చింది. నా మాట విని ఉంటే విత్తనం ఆ రాత్రే పోయేది. నేనే రాశాను, ఇది చదివిన రోజే తీసెయ్యమని. రథం తిరిగితే చలి పోతుందన్నది మా ఇసక నేల లెక్క. కొండ కింద దానికి ఆ లెక్క లేదని నాకు తట్టనే లేదు.

మూడోసారి చదివి ఏడ్చాను. ఆటో పక్కన నిలబడి ఏడుస్తుంటే మా ఇంటాయన కంగారు పడి ఎవరు పోయారని అడిగాడు. ఎవరూ పోలేదు, అన్న పెరట్లో పడుకున్నాడని చెప్పాను. ఆయనకేం అర్థమవుతుంది.

అన్నకి దగ్గు తగ్గిందా? కరక్కాయలూ, మిరియాలూ, తాటిబెల్లమూ గున్నమ్మ చేత పంపుతున్నాను. చేపలకి తగలకుండా వేరే మూట కట్టాను. పాలల్లో మిరియాలు వేసి రెండు పూటలా పట్టు. ఆయనకి మిరియాల పాలంటే పడదు, ముక్కు మూసుకుని తాగమను. చిన్నప్పుడు మా అమ్మ అలాగే పట్టేది.

పీకి పారెయ్యమనను. ఆ మాట ఆయనకి చెప్పు.

కానీ నా భయం పూర్తిగా పోలేదు. కాయ పైకి బాగానే పెరుగుతుంది. అంత చలి తిన్నాక లోపల గింజ పాలు పోసుకుందో లేదో. తాలు గింజలైతే కాయ ఎంత పెద్దదైతే మాత్రం ఏం లాభం? కోసేదాకా ఎవరికీ తెలియదు. ఆ కోసే రోజు తలచుకుంటే నాకు అన్నం సహించడం లేదు.

రాజకుమారి


రామతీర్థం
ఫాల్గుణం

రాజకుమారీ,

కాయ ముదిరింది. తొడిమ ఎండి గట్టిపడింది. గోరు గుచ్చితే దిగడం లేదు. మీ అన్న రోజూ డాక్టరులా చెవి ఆనించి తట్టి చూస్తున్నాడు. లోపల ఏం వినిపిస్తోందని అడిగితే, "మాటాడకు" అని కసురుకుంటాడు. మనిషి కోలుకున్నాడు. నీ మిరియాల పాలు ముక్కు మూసుకోకుండానే తాగాడు. ఆ గ్లాసు చేతికిస్తూ నువ్వు పంపావని చెప్పాను మరి.

ఇక్కడే కోసి గింజ పంపేద్దామన్నాను. ఒప్పుకోలేదు. అది మీ ఇంటి కాయ, మీ గుమ్మంలోనే తెగాలట. గుమ్మడికాయకి ఆడవాళ్ళు మొదటి కత్తి పెట్టకూడదు కాబట్టి మీ ఇంటాయన లక్ష్ముడి చేతే కోయించాలట. రేపు ఆదివారం ఆటో కట్టించుకుని వస్తాడు. నేను చెప్పానని అనకు. వద్దామంటే మా ఆవు ఈనేలా ఉంది, నేను కదల్లేను. కాయతో పాటు నా ప్రాణం కూడా ఆటోలోనే వస్తోందనుకో. గింజ ఎలా ఉందో అదే రోజు రాసి పంపు. ఆయన్ని అడిగితే "ఉన్నాది" అని ఊరుకుంటాడు, నాకు అన్నీ కావాలి.

నీలవేణి


భోగాపురం, కొత్త కాలనీ
ఆదివారం

వదినా,

అన్నీ రాస్తాను, విను.

ఎండ ఎక్కాక వీధిలో ఆటో ఆగింది. నేను పొద్దుటి నుంచీ గుమ్మంలోనే ఉన్నాను, కూర ఏరుతున్నట్టు. అన్న దిగాడు. చిక్కిపోయాడు వదినా, నువ్వు ఆ మాట రాయలేదు. గృహప్రవేశం నాడు మెట్టు దిగి వెళ్ళిన మనిషి, మళ్ళీ ఆ మెట్టు దగ్గరే ఆగిపోయాడు. నా వైపు చూడకుండా ఆటో వైపు చూస్తూ, "ఎక్కడ దించీమంటావు?" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఎన్ని మాటలు దాచుకున్నానో నీకు తెలుసు. ఎదురుపడితే ఇలా అడగాలి, అలా దులపాలి అని. తీరా ఎదురుపడ్డాక "లోపలికి తే అన్నా" అన్నాను, అంతే. అన్నా, మా ఇంటాయనా చెరో వైపు పట్టుకుని గుమ్మంలో చాప మీద దించారు. కాలనీ అంతా మా వాకిట్లోనే ఉంది. అంత కాయని చూడ్డానికి ఒకరి మీద ఒకరు పడ్డారు. వేలు మాత్రం ఎవరూ చూపించలేదు.

కత్తి అన్న చేతికిచ్చాడు మా ఇంటాయన, కాపాడినవాడివి నువ్వే కొయ్యి బావా అని. అన్న పుచ్చుకోలేదు. ఇద్దరూ నువ్వంటే నువ్వని కాసేపు వంతులాడుకున్నారు. నా ప్రాణాలు పోతున్నాయి ఇక్కడ. చివరికి మా ఇంటాయనే కోశాడు. కాయ చీలిన చప్పుడుకి నేను కళ్ళు మూసేసుకున్నాను. చూసే ధైర్యం లేక చెయ్యి లోపల పెట్టాను.

గట్టిగా తగిలాయి వదినా. వేళ్ళ నిండా గింజలు. ఒకటి తీసి తుడిచి కొరికాను. నిండుగా పప్పు ఉంది, తియ్యగా ఉంది. ఇంకోటి కొరికాను. అదీ అంతే. అక్కడే సిమెంటు మీద చతికిలబడి భోరున ఏడ్చేశాను. అన్న నా పక్కన గొంతుక్కూర్చుని, "ఏడుస్తావేటే, గింజ బాగున్నాది కదా" అన్నాడు. అంటూనే తువ్వాలు మొహానికి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇంటింటికీ ముక్కలు కోసి పంచాం. ఎదురింటావిడ పళ్ళెం పట్టుకుని నిలబడి, నాలుగు గింజలు కూడా పెట్టమ్మా, రణస్థలంలో మా పుట్టింటివాళ్ళకి భూమి ఉంది, వేయిస్తానంది. నా పిడికిలి దానంతటదే బిగుసుకుంది. మా అత్త వెనక నిలబడి చూస్తున్నట్టే అనిపించింది. అన్న అది చూశాడు. "ఇచ్చీయే. ఒక్క డబ్బాలో ఎట్టుకుంటే ఒక్క పురుగు సాలు, మొత్తం ఎలిపోతాది. ఈసారి సలికి నానొక్కడినే కాపలా కాయలేను" అన్నాడు.

మొదటి నాలుగు గింజలూ ఇవ్వడానికి ప్రాణం ఒప్పలేదు. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. పూసపాటిరేగలో అత్తవారున్న పిల్ల ఒకతె అడిగింది, ఇచ్చాను. గున్నమ్మ తమ్ముడికి మెట్టన గరువు భూమి ఉందట, దాని కొంగున కట్టాను. నీకూ ఝాన్సీకీ వేరుగా పొట్లాలు కట్టి ఉంచాను. ఇన్ని ఊళ్ళలో, ఇన్ని రకాల నేలల్లో పడ్డాక ఓ చోట చలి తిన్నా ఇంకో చోట ఉంటుంది. మొన్నటిదాకా నా చేతిలో ఉన్నవి ఐదు గింజలే. ఇవాళ పళ్ళేల నిండా ఇచ్చినా చేటెడు మిగిలాయి. మా అత్తకి కోపం వస్తే రానీ, నేను సర్దిచెప్పుకుంటాను.

అన్నకి నా చేత్తో వడ్డించాను. గుమ్మడి పులుసు రెండుసార్లు అడిగి పోయించుకున్నాడు. తిన్నాక గోడకి జారగిలబడి, మా ఇంటాయనతో ఏదో చెప్తూ చెప్తూ సగం మాటలోనే నిద్రపోయాడు. తలకింద దిండు పెట్టినా తెలియలేదు. ఒంటి మీద దుప్పటి కప్పాను. ఈ ఎండలో దుప్పటేమిటని మా ఇంటాయన నవ్వాడు.

ఆయన పక్కనే కూర్చుని రాస్తున్నాను. గింజలు గుడ్డ మీద ఆరుతున్నాయి. దగ్గు లేదు, గురక మాత్రం వీధి చివరిదాకా వినపడుతోంది. ఈ ఉత్తరం మీ ఊరి ఆటో అతని చేత పంపుతున్నాను, ఈ రాత్రికి అన్న కోసం ఎదురు చూడకు వదినా. చలికాలమంతా నిద్ర లేని మనిషి, తనంతట తాను లేచేదాకా నేను లేపను.

నీ రాజకుమారి